మొహం తిప్పమన్న డైరెక్టరు

మా ఆయన దేవానందం ఐదు కౌబాయ్ సినిమాలు తీశాడు. ఐదింటిలోనూ కలిపి ఒక్క ఆవు లేదు. గుర్రాలున్నాయి, తుపాకులున్నాయి, నిధికి దారి చూపే చిరిగిన కాగితాలున్నాయి, సారా కొట్టులో డాన్సులున్నాయి. ఆవు మాత్రం లేదు. మొదటి సినిమా చూసి హాల్లోంచి బయటికి వస్తూ నేను అడిగాను కూడా. "కౌబాయ్ అంటే ఆవులు కాసేవాడు కదండీ, ఆవులేవీ?" అన్నాను. "ఎలీసా, నీ టీచరు బుద్ధి జెర ఇంట్ల పెట్టి రా" అన్నాడు.

ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఈ మధ్య పాత సినిమాల మీద జనానికి మళ్ళీ మోజు పుట్టినట్టుంది. పోయిన నెల ఒక పత్రిక నుంచి ఇద్దరు వచ్చి మా వరండాలో కూర్చున్నారు. టోపీలు ఎక్కడ కుట్టించేవారు, తుపాకులు కర్రవా ఇనుపవా అని అడిగి, నవ్వుకుని, కాఫీ తాగి వెళ్ళారు. బిక్షం సంగతి వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు. వాళ్ళు గేటు దాటాక తప్పు చేశాననిపించింది. డెబ్బై దాటినదాన్ని, పది వాక్యాలు రాస్తే వేళ్ళు పట్టేస్తున్నాయి. అయినా రాస్తున్నాను, ఇంకెవరు రాస్తారు గనక.

ఆయన పుట్టింది లాలాగూడ రైల్వే క్వార్టర్సులో. మామగారు యేసురాజు గూడ్సు బండి గార్డు. అత్తగారు రోసమ్మ ప్రార్థన తప్ప వేరే కాలక్షేపం ఎరగని మనిషి. కంటోన్మెంటు వైపు హాళ్ళలో సోల్జర్ల కోసం ఇంగ్లీషు సినిమాలు ఆడే రోజులవి. ఈయన శనివారం మ్యాట్నీకి దొంగతనంగా వెళ్ళి గుర్రాల సినిమా చూసేవాడట. ఆదివారం చర్చిలో మోకాళ్ళ మీద పడి క్షమించమని అడిగేవాడట. మళ్ళీ శనివారం వెళ్ళేవాడట. క్షమాపణ వారం వారం దొరుకుతుంటే పాపానికి కరువేముంటుంది?

పంతొమ్మిది వందల అరవైలో మా పెళ్ళి. మాది బాపట్ల. పిల్లవాడికి మద్రాసులో ఆఫీసు పని అని మధ్యవర్తి చెప్పాడు. పెళ్ళయ్యాక తెలిసింది, ఆ ఆఫీసు గోడలు అట్టవనీ, సాయంత్రం అయ్యేసరికి విప్పి లారీ ఎక్కిస్తారనీ. పదేళ్ళు ఆయన మద్రాసులో వాళ్ళ కిందా వీళ్ళ కిందా అసిస్టెంటుగా క్లాపు కొట్టాడు. నేను సికిందరాబాదులో ఒక మిషన్ స్కూల్లో తెలుగు చెప్పుకుంటూ బోయిన్‌పల్లిలో రెండు గదుల ఇంట్లో ఉన్నాను. ఆర్నెల్లకోసారి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా "ఈసారి తప్పకుండా" అనేవాడు. ఏం తప్పకుండా అని నేను అడగడం మానేశాను.

డెబ్బై ఒకటిలో ఆయన రోజు వచ్చింది. తెలుగు హీరోలు టోపీ పెట్టి గుర్రమెక్కితే జనం ఎగబడి చూస్తున్న కాలం. కౌబాయ్ సినిమా అంటే ఇంగ్లీషు గుర్రాల సినిమాలన్నీ కళ్ళకద్దుకుని చూసినవాడు కావాలి. అలాంటివాడు మా ఆయన ఒక్కడే దొరికాడు. నిర్మాత చేతికి ఎముక లేదు అనుకునేరు, ఆయన చేతికి ఉన్నదంతా ఎముకే. దూర దేశాల కొండల సంగతి అలా ఉంచండి, ఊటీకి సుత పోనివ్వలేదు. (చూశారా, నలభై ఏళ్ళు ఆయనతో కాపురం చేస్తే నాకూ 'కూడా' పోయి 'సుత' అంటుకుంది.) చివరికి మౌలాలి గుట్టలూ, సైనిక్‌పురి బండలూ అమెరికా అయ్యాయి.

అప్పటికి సైనిక్‌పురిలో ఇళ్ళకంటే రాళ్ళు ఎక్కువ. అక్కడక్కడా రిటైరైన సైనికుల ఇళ్ళు. మొదటిరోజు షూటింగులో తుపాకులు ఢాం ఢాం అనేసరికి, ఒక సుబేదారు గారు లుంగీ మీద, అసలు తుపాకీ పట్టుకుని బయటికొచ్చాడు. విలన్లందరూ చేతులు పైకెత్తేశారు. అంత సహజంగా వాళ్ళు ఐదు సినిమాల్లోనూ నటించలేదు. ఇంకోసారి హీరో ఆకాశంవైపు చూసి ప్రతిజ్ఞ చేస్తుంటే, బేగంపేటలో దిగే విమానం వెనకనుంచి తాపీగా పోయింది. అది ఎడిటింగులో ఎవరూ చూసుకోలేదు. హాల్లో జనం చూశారు, ఈలలు వేశారు.

గుర్రాలు సికిందరాబాదు స్టేషను దగ్గర టాంగాలకు కట్టేవి. టాంగా గుర్రానికి ఒక అలవాటు. దారిలో ఎవరైనా చెయ్యెత్తితే టక్కున ఆగుతుంది. పాపం, గిరాకీ అనుకుంటుంది. బందిపోటు చెయ్యెత్తి తుపాకీ గురిపెట్టగానే, ప్రాణాలకు తెగించి దూసుకురావలసిన హీరో గుర్రం బుద్ధిగా వచ్చి వాడి ముందే ఆగేది. మా ఆయన మెగాఫోన్లో గొంతు చించుకునేవాడు. ఆ గుర్రాల వెంట వచ్చినవాడే బిక్షం. "సారూ, గుర్రానికి ఏం తెల్వది, నన్ను ఎక్కనియ్యుండ్రి. నేనెక్కితే ఆగది" అన్నాడట. ఎక్కాడు. ఆగలేదు.

ఆరోజు నుంచి బిక్షం మా ఆయన సినిమాలన్నిటికీ డూపు. హీరో చెయ్యలేని పని, హీరో బట్టలు వేసుకుని, హీరో టోపీ పెట్టుకుని చేసేవాడే డూపు. గుర్రం మీంచి గుర్రం మీదికి దూకింది బిక్షం. బండమీంచి దొర్లింది బిక్షం. గుర్రానికి ఒక పక్కన వేలాడుతూ కాల్చింది బిక్షం. చప్పట్లు మాత్రం హీరోకి. డూపు పనిలో ఒకే ఒక కట్టుబాటు: మొహం కనపడకూడదు. మొహం కనపడితే ఫిల్మంతా దండగ. కాబట్టి మా ఆయన రోజుకి వందసార్లు మెగాఫోన్లో అరిచే మాట ఒకటే. "మొహం తిప్పు బిక్షం! మొహం తిప్పు!"

మొదట్లో బిక్షం మరిచిపోయేవాడు. కెమెరా ఎటుందా అని చూసేవాడు. నాలుగు తిట్లు తిన్నాక నేర్చుకున్నాడు. కెమెరా ఎక్కడ పెట్టినా, చూడకుండానే పసిగట్టి, మెడ అటు తిప్పేసేవాడు. "వీనికి వీపుల కండ్లున్నయి ఎలీసా, ఇంత మంచి డూపు మద్రాసుల సుత లేడు" అని మా ఆయన మురిసిపోయేవాడు.

ఆ మొదటి సినిమా విడుదలైనప్పుడు బిక్షం తన భార్య లచ్చమ్మను తీసుకుని హాలుకి వెళ్ళాడు. వాళ్ళ బస్తీవాళ్ళు పాతికమంది వెంట వెళ్ళారు. గుర్రం దూకినప్పుడల్లా బిక్షం లేచి నిలబడి "గదే నేను! గా టోపీ కింద నేను!" అంటున్నాడు. మరుక్షణమే టోపీ కింద హీరో మొహం కనిపిస్తోంది. బస్తీ అంతా పడీ పడీ నవ్వింది. లచ్చమ్మకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు మా ఇంటికి వచ్చి నా ఎదుటే మొగుణ్ణి నిలదీసింది. "టీచరమ్మా, నువ్వన్న చెప్పు. వీడు గుర్రాలకు గడ్డేస్తుండో, సినిమాలల్లనే ఉన్నడో? అబద్ధాలాడి నా ఇజ్జత్ తీస్తుండు."

ఉన్నాడమ్మా అని నేను చెప్పాను. ఆమె నమ్మలేదు. డూపు సంగతి విప్పి చెబితే, "మరి మొఖం లేని మనిషిని మనిషని ఎట్లంటరు?" అని అడిగింది.

బిక్షం అప్పుడే మా ఆయన్ని అడిగాడు. "సారూ, పైసల్ వద్దు, పేరు వద్దు. ఒక్కపారి నా మొఖం పడేటట్టు జెయ్యుండ్రి. గంతే." మా ఆయన వెంటనే, "అరె, గదెంత పని! వచ్చే సినిమాల నీ మొహం నిండా పెడతా, ఇదిగో నా మాట" అని చేతిలో చెయ్యి వేశాడు. మా ఇంట్లో ఒట్టు పెట్టడం పాపం. మాట ఇస్తే అది ఒట్టుకంటే ఎక్కువ.

వచ్చే సినిమా వచ్చింది. ఊళ్ళో మనిషిగా ఒక చిన్న వేషం వేయించబోతే హీరో గారు అడ్డం తిరిగాడు. నా డూపు మొహం తెర మీద కనిపిస్తే, గుర్రం మీద ఉన్నది వాడేనని జనం పోల్చుకోరా అన్నాడు. మూడో సినిమాలో పెట్టిన షాటు నిడివి ఎక్కువైందని కత్తెరలో పోయింది. ప్రతిసారీ "వచ్చే సినిమాలో". నాలుగో సినిమాకి కాలవ దాటే సీను. గుర్రం దూకాలి. కెమెరా కుడివైపుంది. మా ఆయన అలవాటుగా "మొహం తిప్పు!" అని అరిచాడు. బిక్షం ఎడమకు తిప్పాడు. కాలవ గట్టు విరిగి ఉన్నది కుడివైపే. చూసుకోలేదు. గుర్రం మోకాళ్ళ మీద పడింది, వీడు దాని ముందు పడ్డాడు. తుంటి విరిగింది. మూడు నెలలు గాంధీ ఆసుపత్రిలో ఉన్నాడు.

మా ఆయన రోజూ వెళ్ళి మంచం పక్కన కూర్చునేవాడు. బిక్షం మాత్రం, "షాటు మంచిగొచ్చిందా సారూ? మొఖం పడలే గద?" అని అడిగాడట. అది చెప్పి ఈయన ఇంట్లో ఏడ్చాడు. మగవాడు అంతలా ఏడవడం నేను అంతకు ముందు చూడలేదు. ఆ షాటు సినిమాలో ఉంది. పడబోయే ముందు దాకా.

ఐదో సినిమా ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియలేదు. డెబ్బై ఆరుకల్లా కౌబాయ్‌ల మోజు తీరిపోయింది. మా ఆయన ట్రంకు పెట్టె, రెండు టోపీలు, ఒక మెగాఫోను పట్టుకుని బోయిన్‌పల్లి ఇంటికి వచ్చేశాడు. అప్పటికి నలభై నాలుగేళ్ళ వయసు. ఇంకే సినిమా తీయడం చేతకాదు. కుటుంబ కథ తియ్యమని ఒకాయన పిలిస్తే, అత్తాకోడళ్ళను వీధికి చెరో చివర నిలబెట్టి ఒకరివైపు ఒకరు నడిపించాడు. వాళ్ళు తెల్లవారి వేరే డైరెక్టరును పెట్టుకున్నారు.

తరవాత పదకొండేళ్ళు ఏం చేశాడంటే ఏం చెప్పను? సినిమా హాళ్ళలో వేసే సబ్బుల ప్రకటనలు తీశాడు. పెళ్ళిళ్ళకు వీడియోలు తీశాడు. చర్చిలో క్రిస్మస్ నాటకం ఆయనకు అప్పజెబితే గొర్రెల కాపరులు కాళ్ళు ఎడంగా పెట్టి, నడుముకు బొటనవేళ్ళు దోపుకుని నిలబడ్డారు. పాస్టరు అయ్యగారు నెమ్మదిగా, "దేవానందం గారూ, వీళ్ళు రక్షకుణ్ణి చూడ్డానికి వచ్చారు, కాల్చడానికి కాదు" అన్నాడు. నేను సిగ్గుతో చచ్చాను. ఇల్లు నా జీతం మీద నడిచింది. అది నేను దెప్పలేదు గానీ, విసుగు దాచుకోనూ లేదు. నిద్ర లేచినప్పటి నుంచి అలిసిపోయి ఉండే మనిషితో కాపురం ఎలా ఉంటుందో చేసినవాళ్ళకే తెలుస్తుంది.

బిక్షం కుంటుకుంటూ అప్పుడప్పుడూ వచ్చేవాడు. టాంగాలు పోయి ఆటోలు వచ్చాయి. పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలు తిప్పేవాళ్ళ దగ్గర పనికి కుదిరాడు. నేలమీద కుంటేవాడు గానీ, గుర్రమెక్కితే కుంటు కనిపించేది కాదు. మా వరండాలో ఇద్దరూ కూర్చునేవారు. గంటకొక మాట. ఆ 'మొహం' మాట బిక్షం మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే మా ఆయనకు అంత బరువుండేది కాదనుకుంటాను.

ఎనభై ఏడులో షుగరు ఆయన కళ్ళలోకి దిగింది. చూపు ఏడాది, మహా అయితే రెండేళ్ళు అన్నాడు డాక్టరు. ఇంటికొచ్చి ఆయన అన్న మొదటి మాట, "బిక్షం మొహం పెట్టలేదు ఎలీసా."

నాకు ఒళ్ళు మండింది. "మీ కళ్ళు పోతుంటే ఎవరి మొహమో ఎందుకండీ ఇప్పుడు?" అన్నాను.

"నావి పోతున్నయి కాబట్టే" అన్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే టీవీకి పదమూడు భాగాల సీరియళ్ళు తీసేందుకు దరఖాస్తులు పిలిచారు. ఈయన మూడు రాత్రులు కూర్చుని ఒక కౌబాయ్ కథ చెబితే నేను రాశాను. కథలో హీరో వయసు మళ్ళిన గుర్రపు రౌతు. వేషం ఎవరికో చెప్పక్కర్లేదు. దరఖాస్తు అచ్చ తెలుగులో ఉండాలని నిబంధన. కౌబాయ్ అంటే తెలుగులో ఏం రాయను? పాతికేళ్ళు తెలుగు చెప్పిన టీచరుని కదా, నా పాండిత్యం ఊరుకోలేదు. "గోపాలకుని గాథలు" అని పేరు పెట్టాను. "కథానాయకుడు అశ్వారూఢుడైన గోపాలకుడు" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను.

రెండు నెలలకు ఉత్తరం వచ్చింది. మంజూరైంది! చదువుతూ చదువుతూ నేను కుర్చీలో కూలబడ్డాను. పశుపోషణపై మీరు ప్రతిపాదించిన పదమూడు భాగాల కార్యక్రమం రైతుల విభాగం ఆమోదించినదని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము, అని ఉంది. గోపాలకుడు అన్నాను కదా, ఆవులూ గేదెలూ అనుకున్నారు. ఎవరిదా తప్పు? నాదే. నా తెలుగుదే.

ఆయనకు చదివి వినిపించడానికి నోరు రాలేదు. చివరికి వినిపించాను. తిడతాడనుకున్నాను. "గుర్రమెక్కి బర్రెలు కాసెటోడే గద అసలు కౌబాయ్. వాళ్ళే కరెక్టు, నేనే ఇన్నేండ్లు తప్పు తీసిన" అన్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో అర్థం కాలేదు. "బర్రెలైతేంది, మనుషులైతేంది? బిక్షం ఉంటడు గద."

రైతుల విభాగం అధికారి ధర్మరాజు గారు మంచి మనిషి. ఆయనకు కావలసినవి రెండే. పశువులకు గాలికుంటు రోగం టీకా ఎప్పుడు వేయించాలో చెప్పాలి, పచ్చిగడ్డి ఎలా నిలవ చెయ్యాలో చెప్పాలి. అది గుర్రం మీద కూర్చుని చెప్పినా, చెట్టెక్కి చెప్పినా ఆయనకు అభ్యంతరం లేదు. కాబట్టి మా బిక్షం నెత్తికి రుమాలు చుట్టుకుని, పెళ్ళి గుర్రం ఎక్కి, కాప్రా చెరువు వైపు మైదానాల్లో గేదెల మంద తోలుకుంటూ వచ్చేవాడు. రైతు ఎదురై పశువుకి నోట్లో పుండ్లని చెప్పేవాడు. బిక్షం టీకా గురించి చెప్పి, దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయేవాడు. ఇంత సిగ్గుమాలిన కౌబాయ్ సీరియలు ప్రపంచంలో ఇంకోటి ఉండదు. కానీ ఆ పదమూడు వారాలు మా ఆయన పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని నాకంటే ముందు తయారయ్యేవాడు. చూపు మసక కాబట్టి నేను సెలవు పెట్టి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేదాన్ని.

అసలు గండం అక్కడ మొదలైంది. మొదటి భాగం, మొదటి షాటు. కెమెరామన్ జ్ఞానశేఖర్ మొహం మీదికి కెమెరా పెట్టాడు. "స్టార్ట్" అనగానే బిక్షం మెడ అటు తిరిగిపోయింది.

"బిక్షం, ఇటు చూడు" అన్నాడు మా ఆయన.

"చూస్తున్న సారూ" అన్నాడు బిక్షం. మళ్ళీ తిరిగిపోయింది. పదిసార్లు తీశారు. పదిసార్లూ చెవీ, రుమాలూ వచ్చాయి. కెమెరా అటు పెడితే మెడ ఇటు. ఇటు పెడితే అటు. దాచిపెట్టి తీద్దామన్నాడు జ్ఞానశేఖర్. చెట్టు వెనక పెట్టాడు. బిక్షం చూడనైనా చూడలేదు, మెడ దానంతటదే తిరిగిపోయింది. వీపులో కళ్ళున్నవాడని ముచ్చటపడ్డాం కదా ఒకప్పుడు.

బిక్షం రెండు చేతులతో తన మెడ పట్టుకున్నాడు. "నేను తిప్పుతలేను సారూ, ఏసు మీద... మీ దేవుని మీద ఒట్టు. నా మెడ నా మాట ఇంటలేదు."

వారాలు గడిచాయి. పన్నెండు భాగాలు పూర్తయ్యాయి. పన్నెండింటిలోనూ వీపు, చెవి, రుమాలు కొస. ధర్మరాజు గారికి చూపిస్తే, "బ్రహ్మాండంగా ఉంది. మాకు గేదె మొహం కనిపిస్తే చాలు సార్" అన్నాడు. ఇంటికి వస్తూ బస్సులో మా ఆయన నా భుజం మీద తల పెట్టుకున్నాడు. "వాని మెడ నేను విరిచిన ఎలీసా. తుంటి గుర్రం విరిచింది. మెడ మాత్రం నేనే" అన్నాడు. నేను ఊరుకోండి అన్నాను. ఇంకేమనను? నిజమే కదా.

పదమూడో భాగం ఆఖరి రోజు. కెమెరా మళ్ళీ ఇవ్వరు. పొద్దు వాలుతోంది, గేదెలు ఇంటిదారి పట్టాలని తొందరపడుతున్నాయి. ఆఖరి షాటు: రౌతు కెమెరా ముందుకొచ్చి ఆగి, జనం వైపు చూసి సెలవు తీసుకోవాలి. నాలుగుసార్లు తీశారు. నాలుగుసార్లూ మెడ తిరిగింది. నాలుగోసారి బిక్షం గుర్రం మీదే కూర్చుని, "ఇడిసిపెట్టుండ్రి సారూ. నాకు నొసట రాసి లేదు. లచ్చమ్మకు నేను చెప్పుకుంట" అన్నాడు.

మా ఆయన నా చెయ్యి వదిలించుకున్నాడు. "శేఖర్, ఆపకు, కెమెరా తిప్పుతనే ఉండు" అని, తడుముకుంటూ, రాళ్ళు తగులుతుంటే తూలుతూ, తిన్నగా గుర్రం దగ్గరికి నడిచాడు. "సార్, కెమెరాకి అడ్డమొచ్చేశారు!" అని జ్ఞానశేఖర్ అరుస్తున్నాడు. వినలేదు. గుర్రం పక్కన నిలబడి రెండు చేతులూ పైకి చాచాడు. బిక్షం కిందికి వంగాడు. ఈయన వాడి మొహాన్ని రెండు అరచేతుల్లో పట్టుకున్నాడు. మెడ తిరగబోయింది. ఈయన వదల్లేదు.

"నాకు కనబడుతలేవురా బిక్షం. ఇటు చూడు. ఇంక తిప్పకు. నేనే చెప్తున్న, తిప్పకు" అన్నాడు.

బిక్షం తిప్పలేదు. కళ్ళెత్తి ఎదురుగా కెమెరాలోకి చూశాడు. కళ్ళ నీళ్ళు మా ఆయన వేళ్ళ మీదుగా కారుతున్నాయి. జ్ఞానశేఖర్ "అయింది సార్" అన్నాక కూడా ఇద్దరూ కదల్లేదు. నేనే వెళ్ళి ఈయన్ని ఇవతలకు తీసుకొచ్చాను.

అది ప్రసారమైన రోజుకి ఆయనకు వెలుతురూ నీడా తప్ప ఏమీ తెలియడం లేదు. బిక్షం వాళ్ళ బస్తీకే వెళ్ళాం. అక్కడ చాయ్ హోటల్లో ఒక టీవీ ఉంది. సాయంత్రం ఆరున్నరకు రైతుల కార్యక్రమం. అంతకు ముందు పన్నెండు వారాలు ఆ బస్తీ వీపు చూసి నవ్వుకుందట. లచ్చమ్మ ముందు వరసలో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. బిక్షం హోటలు బయట నిలబడ్డాడు, రమ్మన్నా రాలేదు.

గేదెలొచ్చాయి. టీకా వచ్చింది. దుమ్ము వచ్చింది. అప్పుడు వచ్చింది ఆ మొహం. ఒక ముసలాయన వీపు, పైకి చాచిన రెండు చేతులు, ఆ చేతుల నడుమ బిక్షం మొహం. అద్దంలా కనిపిస్తోంది, గడ్డంలో తెల్ల వెంట్రుకతో సహా.

"మావోడే! మా ముసలోడే!" అని లచ్చమ్మ లేచి నిలబడింది. "గదే మొఖం! చూడుండ్రి, మొఖం!" బస్తీ అంతా ఒకటే గోల. వెనకనుంచి ఎవడో అడిగాడు, "గా అడ్డమొచ్చిన ముసలోడెవడు? వీపు తప్ప ఏం కనబడ్తలేడు." అందరూ నవ్వారు.

ఐదు సినిమాలు తీసిన డైరెక్టరురా ఆయన, ఆ చొక్కా నేను ఇస్త్రీ చేసింది, అని అరవబోయాను. ఆయన నా చెయ్యి గట్టిగా నొక్కాడు. రైతుల కార్యక్రమం కాబట్టి పేర్లు కూడా వెయ్యలేదు. వెంటనే బజారు ధరలు వచ్చేశాయి.

"మొహం పడ్డదా ఎలీసా?" అని అడిగాడు.

"పడిందండీ. నిండుగా పడింది."

"ఎట్లున్నడు?"

అబద్ధం చెప్పి ఉండాల్సింది. జీవితమంతా పిల్లలకు నిజం చెప్పమని చెప్పిన నోరు, ఊరుకోలేదు. "ముసలివాడైపోయాడండీ" అన్నాను.

ఆయన తల వంచుకున్నాడు. "చేతులల్ల పట్టుకున్నప్పుడే తెలిసింది నాకు. బుగ్గలు లోపలికి పోయినయి. నేను మాటిచ్చిన మొహం ఇది కాదు ఎలీసా. గది ముప్పయ్యేండ్ల పడుసోని మొహం. గది ఎవ్వరూ చూడలే" అని, అంతమంది మధ్య, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

లచ్చమ్మ వచ్చి ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. ఆయన చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది.

"పడుసు మొఖం నేను జూసిన గద సారూ" అంది. "ఇంకెవ్వలు జూడకుంటేంది?"

బయట నిలబడ్డ బిక్షం తలుపు దగ్గరికి వచ్చి, మా అందరి వైపూ తిన్నగా చూస్తూ నిలబడ్డాడు. చూడగలిగినవాళ్ళం అందరం చూశాం. మా ఆయన ఒక్కడే చూడలేదు.